వీఎంలకు ఐపీ ఇచ్చేది ఎవరు? వర్చువల్ నెట్‌వర్కులకు డీహెచ్‌సీపీ సర్వర్ పెట్టే పద్ధతి

ఏ వీఎంకి (వర్చువల్ మెషీన్‌కి) ఏ ఐపీ అన్నది ఎవరు నిర్ణయిస్తారో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఇంట్లో వైఫై రౌటర్ అయితే నిర్ణయించేదీ పంచేదీ ఒక్కటే. క్లౌడ్‌లో ఆ రెండు పనులూ వేరు. సొంత క్లౌడ్ కట్టుకునే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌స్టాక్‌లో వీఎం లేవకముందే దాని నెట్‌వర్క్ పోర్టు పుడుతుంది, దాంతోపాటే మ్యాక్ అడ్రసూ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) ఐపీ కూడా డేటాబేసులో ఖాయమైపోతాయి. అక్కడ డీహెచ్‌సీపీది, అంటే మెషీన్లకు ఐపీలు అందించే సర్వీసుది, పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం, అంతే. ఇది గమనించకుండా అదే నెట్‌వర్కులో ఇంకో డీహెచ్‌సీపీ సర్వర్ నిలబెడితే అడ్రసుకు ఇద్దరు యజమానులవుతారు. కొత్త సర్వర్ ఇచ్చిన ఐపీతో వీఎం మాట్లాడబోతుంది, ఆ పోర్టుకు ఆ ఐపీ రాసిలేదని పోర్ట్ సెక్యూరిటీ ప్యాకెట్లను పారేస్తుంది. లోపల చూస్తే ఐపీ ఉంటుంది, గేట్‌వేకి పింగ్ మాత్రం పోదు.

అందుకే మీది ఏ రకం సెటప్పో చూసుకుని మొదలుపెట్టండి.

పబ్లిక్ క్లౌడ్ అయితే సొంత డీహెచ్‌సీపీ ఆలోచన మానుకోండి. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో మీకిచ్చే ప్రైవేటు నెట్‌వర్కును వీపీసీ అంటారు. అందులో బ్రాడ్‌కాస్ట్ (అందరికీ ఒకేసారి పంపే సందేశం) నడవదు, డీహెచ్‌సీపీ వాళ్లే ఇస్తారు. మీరు మార్చగలిగేది డీఎన్ఎస్, డొమైన్ పేరు, ఎన్‌టీపీ లాంటివి పెట్టే డీహెచ్‌సీపీ ఆప్షన్ సెట్ ఒక్కటే. ఒకసారి తయారుచేసిన సెట్‌ను ఎడిట్ చేయడం కుదరదు. కొత్తది చేసి వీపీసీకి తగిలించాలి, నడుస్తున్న వీఎంలు లీజు (ఐపీని వాడుకునే గడువు) రెన్యూ చేసుకున్నప్పుడు ఆ మార్పు వాటికి అందుతుంది. ప్రతి సబ్‌నెట్‌లో మొదటి నాలుగు అడ్రసులూ చివరిదీ ఏడబ్ల్యూఎస్ ఉంచుకుంటుంది కాబట్టి /28 (అంటే 16 అడ్రసులు) తీసుకుంటే చేతికొచ్చేవి 11.

ఓపెన్‌స్టాక్‌లో ఓవీఎన్ అనే వర్చువల్ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే డీఎన్ఎస్‌మాస్క్ (చిన్న డీహెచ్‌సీపీ సర్వర్) ప్రాసెస్ కోసం వెతక్కండి, ఉండదు. ప్రతి హోస్టులోని ఓవీఎన్ కంట్రోలరే డిస్కవర్‌కు, అంటే ఐపీ కావాలని వీఎం పంపే తొలి సందేశానికి, జవాబిస్తుంది. పాత పద్ధతిలో డీహెచ్‌సీపీ ఏజెంట్ ఉంటే నెట్‌వర్కుకో నేమ్‌స్పేస్ (మిగతావాటి నుంచి వేరుచేసిన నెట్‌వర్క్ గది), అందులో ఒక డీఎన్ఎస్‌మాస్క్ ఉంటాయి. ఒక్కో నెట్‌వర్కుకు రెండు ఏజెంట్లు పెట్టుకుంటే ఒక హోస్టు పడిపోయినా పని ఆగదు.

మూడో రకం వాళ్లకే ఇక్కడినుంచి చెప్పేదంతా. ఆఫీసు చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో ఉంటుంది, అదే ఊళ్లో అంబత్తూరులోనో సిరుసేరిలోనో రాక్ అద్దెకు తీసుకుని నాలుగైదు కేవీఎం హోస్టులు (వీఎంలను నడిపే సర్వర్లు) పెట్టుకుంటారు, వాటి మీద వీఎక్స్‌ల్యాన్ నెట్‌వర్కులు (హోస్టులన్నిటి మీదా పరుచుకునే వర్చువల్ నెట్‌వర్కులు) నడుపుతారు. ఐపీ ఎలా పంచాలన్నది వాళ్లే తేల్చుకోవాలి. చెన్నైలో ఇలాంటి టీముల్లో మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు.

అడ్రసు ప్లాను

10తో మొదలయ్యే రేంజిలోంచి తీసుకోండి. 172.17 జోలికి వెళ్లొద్దు. కంటైనర్లు నడిపే డాకర్ డిఫాల్ట్‌గా 172.17.0.0/16 వాడుతుంది, డాకర్ ఉన్న ప్రతి మెషీనూ మీ వీఎంలు తన లోపలే ఉన్నాయనుకుని ప్యాకెట్‌ను బయటికి పంపదు. 192.168.122 కూడా వద్దు, అది హోస్టులో వీఎంలను నిర్వహించే లిబ్‌వర్ట్ డిఫాల్ట్ నెట్‌వర్కు. మీ వీఎంకి ఎప్పుడైనా 192.168.122తో మొదలయ్యే ఐపీ వస్తే మీ సర్వర్‌ను అనుమానించకండి. వీఎంను మీ బ్రిడ్జికి (హోస్టులోని వర్చువల్ స్విచ్చుకు) కాకుండా ఆ డిఫాల్ట్ నెట్‌వర్కుకు తగిలించారన్నమాట.

ఉదాహరణకు బిల్డ్ మెషీన్ల నెట్‌వర్కు 10.60.8.0/24 అనుకుందాం. గేట్‌వేకు .1, రౌటర్లకూ డీహెచ్‌సీపీ సర్వర్లకూ .2 నుంచి .19 వరకు. పూల్ .20 నుంచి .219 వరకు, అంటే 200 అడ్రసులు. మ్యాక్ అడ్రసును బట్టి స్థిరంగా ఇచ్చేవాటికి .220 నుంచి .250 వరకు. ఈ రిజర్వేషన్లు పూల్ బయటే ఉండాలి. లోపల ఉంటే, ఆ మెషీన్ ఆగిఉన్నప్పుడు అదే ఐపీ ఇంకొకరికి పోకుండా సర్వర్ ప్రతిసారీ రిజర్వేషన్ల పట్టిక వెతకాల్సి వస్తుంది. బయట పెట్టి, రిజర్వేషన్లన్నీ పూల్ బయటే ఉన్నాయని కాన్ఫిగ్‌లో చెబితే ఆ వెతుకులాట తప్పుతుంది.

లీజు ఎంతసేపు ఇవ్వాలన్నదానికి ఒకటే అంకె అన్నిచోట్లా పనికిరాదు. బిల్డ్ నెట్‌వర్కులో గంటకు 60 వీఎంలు పుట్టి, ఒక్కొక్కటి 20 నిమిషాలు బతికి పోతాయనుకోండి. వాటిని ఆర్కెస్ట్రేటర్ (వీఎంలను పుట్టించి తీసేసే సాఫ్ట్‌వేర్) ఉన్నపళంగా చంపేస్తుంది కాబట్టి పోతూపోతూ రిలీజ్ సందేశం పంపవు. లీజు తీరేదాకా ఆ ఐపీ సర్వర్ లెక్కలో బిజీగానే ఉంటుంది. 24 గంటల లీజు ఇస్తే రోజుకు 1,440 అడ్రసులు కావాలి, మీ 200ల పూల్ మూడున్నర గంటలు కూడా నిలవదు. అదే గంట లీజు ఇస్తే ఎప్పుడు చూసినా 60 దగ్గరే ఉంటుంది. డేటాబేసులు, అప్లికేషన్ సర్వర్లు ఉండే నెట్‌వర్కులో లెక్క తిరగబడుతుంది, అక్కడ 24 గంటలే మేలు. క్లయింటు సగం లీజు గడిచాక రెన్యూ అడుగుతుంది, అప్పుడు జవాబు రాకపోతే 87.5 శాతం దగ్గర ఏ సర్వర్ అయినా సరేనని బ్రాడ్‌కాస్ట్ చేస్తుంది. అంటే 24 గంటల లీజుతో మీ డీహెచ్‌సీపీ పూర్తిగా పడిపోయినా, నడుస్తున్న వీఎంలకు కనీసం 12 గంటలు ఏమీ తెలియదు. రాత్రి రెండింటికి ఓఎంఆర్ నుంచి అంబత్తూరుకు కారు తీయాల్సిన పనుండదు.

సర్వర్ ఎక్కడ పెట్టాలి

వీఎంలోనే పెట్టొచ్చు. కానీ ఆ వీఎం ఐపీ, అది ఉన్న హోస్టు ఐపీ, ఆ హోస్టుకు డిస్కు ఇచ్చే స్టోరేజి ఐపీ, హోస్టులను దూరం నుంచి నడిపే ఐపీఎంఐ కన్సోళ్ల ఐపీలు స్టాటిక్‌గానే రాయండి. వీటిలో ఏ ఒక్కటి తన ఐపీని అదే డీహెచ్‌సీపీ నుంచి తెచ్చుకుంటున్నా, కరెంటు మొత్తం పోయి వచ్చిన రోజున ఎవరు ముందు లేవాలో తేలక అన్నీ ఆగిపోతాయి. డిసెంబరు తుపాన్లు చూసిన ఊరు చెన్నై. 2015 వరద, 2016 వర్దా, 2023 మిచాంగ్ అన్నీ ఆ నెలలోనే. జనరేటర్లున్నా మొత్తం ఆరిపోయే రోజును లెక్కలోకి తీసుకునే కట్టండి. హోస్టు బూట్ కాగానే లేచే ఆటోస్టార్ట్ జాబితాలో రౌటర్, డీహెచ్‌సీపీ వీఎంలు ముందుండాలి. రెండు డీహెచ్‌సీపీ వీఎంలు రెండు వేర్వేరు హోస్టుల మీద, వీలైతే వేర్వేరు పవర్ ఫీడ్ల మీద ఉండాలి. ఒకే హోస్టు మీద రెండూ పెట్టి హెచ్ఏ (ఒకటి పడినా రెండోది పని అందుకునే ఏర్పాటు) ఉందనుకోవడం ఉత్తి భ్రమ.

సాఫ్ట్‌వేర్ సంగతి. ఐఎస్‌సీ వాళ్ల పాత డీహెచ్‌సీపీడీకి 2022తో మద్దతు ఆగిపోయింది, కొత్త సెటప్‌కు దాన్ని ఎత్తుకోవద్దు. అదే సంస్థ తెచ్చిన కీయా వాడండి. ఒకటో రెండో నెట్‌వర్కులుండి, హెచ్ఏ అక్కర్లేదంటే డీఎన్ఎస్‌మాస్క్ చాలు. ఇద్దరు కస్టమర్లు ఒకే 10.0.0.0/24 వాడతామంటే ఒకే కీయాలో రెండింటినీ ఇరికించాలని చూడకండి. కస్టమరుకో నేమ్‌స్పేస్, అందులో విడిగా ఒక సర్వర్ ప్రాసెస్ పెట్టడమే సులువు.

కీయా కాన్ఫిగ్

ఇది జేసన్ ఫైలు. ఒక బ్రాకెట్ తప్పినా సర్వీసు లేవదు, కాబట్టి రీస్టార్ట్ చేసేముందు ప్రతిసారీ కీయా డీహెచ్‌సీపీ4 ప్రోగ్రామ్‌కు మైనస్ టీ ఆప్షన్ ఇచ్చి ఫైలును పరీక్షించండి. వరుసగా ఇవి నింపాలి.

మొదట ఇంటర్‌ఫేసులు. సర్వర్ వినాల్సిన వాటి పేర్లే రాయండి, స్టార్ గుర్తు పెట్టి అన్నీ వినమనకండి. కీయా మొదలయ్యే సమయానికి ఆ ఇంటర్‌ఫేసు పైకి లేచి ఐపీ కలిగి ఉండాలి. లేకపోతే సాకెట్ తెరుచుకోదు, సర్వీసు మాత్రం నడుస్తున్నట్టే కనిపిస్తుంది. వీఎక్స్‌ల్యాన్ ఇంటర్‌ఫేసులు ఆలస్యంగా లేస్తాయి కాబట్టి సర్వీస్ సాకెట్స్ మ్యాక్స్ రీట్రైస్ అనే సెట్టింగును 10కి, రీట్రై వెయిట్ టైమ్‌ను 5000 మిల్లీసెకన్లకు పెట్టండి.

సాకెట్ రకం డిఫాల్ట్‌గా ‘రా’ (raw). అది ఫైర్‌వాల్ రూళ్లకు ముందే ప్యాకెట్‌ను పట్టుకుంటుంది, అందుకే డీహెచ్‌సీపీ సర్వర్ వినే 67వ పోర్టును మూసేసినా సర్వర్ జవాబిస్తూనే ఉంటుంది. చూసి బెదరకండి. అభ్యర్థనలన్నీ రిలే (వేరే నెట్‌వర్కులోని అభ్యర్థనను సర్వర్‌కు చేరవేసేది) ద్వారానే వచ్చే సర్వర్ అయితే యూడీపీ రకానికి మార్చండి, అప్పుడు ఫైర్‌వాల్ మాట చెల్లుతుంది. అంటే 67ను తెరవాల్సిన బాధ్యత కూడా మీదే.

లీజులకు మెమ్‌ఫైల్ (డేటాబేసు లేకుండా ఫైల్లోనే దాచే పద్ధతి) చాలు. నాలుగైదు హోస్టులకు మైఎస్‌క్యూఎల్ పెట్టి ఇంకో సర్వర్‌ను కాపలా కాయడం దండగ. సబ్‌నెట్ ఒక్కొక్కదానికి ఐడీ నంబరు మీరే ఇచ్చి, తర్వాత మార్చకండి. లీజు ఫైల్లో సబ్‌నెట్‌ను గుర్తుపెట్టేది ఆ నంబరే.

ఆప్షన్లలో 3 గేట్‌వే, 6 డీఎన్ఎస్, 15 డొమైన్ పేరు. ఇవి అందరూ పెడతారు. వర్చువల్ నెట్‌వర్కులో జాగ్రత్త పడాల్సినవి ఇంకో రెండున్నాయి.

ఒకటి 26, ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు. వీఎక్స్‌ల్యాన్ ప్రతి ప్యాకెట్‌కూ 50 బైట్ల హెడర్లు కలుపుతుంది. కింద ఫిజికల్ నెట్‌వర్కు 1500 దగ్గరే ఉంటే వీఎంకి 1450 ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏమవుతుందో చూడండి: డీహెచ్‌సీపీ ప్యాకెట్లు చిన్నవి కాబట్టి ఐపీ హాయిగా వస్తుంది, పింగ్ పోతుంది, ఎస్‌ఎస్‌హెచ్ కనెక్ట్ అవుతుంది, తర్వాత స్క్రీన్ బిగుసుకుపోతుంది. తప్పు డీహెచ్‌సీపీ ఆప్షన్‌లో ఉందని ఎవరికీ తట్టదు. స్విచ్చుల్లో జంబో ఫ్రేములు పెట్టగలిగితే కింద 9000 చేసి వీఎంలకు 1500 వదిలేయడం ఇంకా మంచిది. లినక్స్‌లో నెట్‌వర్కును సెట్ చేసే సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీని నేరుగా వాడే వీఎంలు డిఫాల్ట్‌గా ఈ ఆప్షన్‌ను పట్టించుకోవు, యూజ్ ఎంటీయూ ఆన్ చేయాలి. ఉబుంటులోని నెట్‌ప్లాన్ ద్వారా అయితే అదే ఆన్ చేసిపెడుతుంది.

రెండోది 121, స్టాటిక్ రూట్లు. మెటాడేటా (వీఎం బూట్ అయ్యేటప్పుడు తెచ్చుకునే తన వివరాలు) కోసం 169.254.169.254కు రూటు ఇవ్వాలంటే ఇదే వాడతారు. అయితే 121 వచ్చిందంటే క్లయింటు ఆప్షన్ 3ను పక్కన పెట్టేయాలని ప్రమాణంలోనే ఉంది. కాబట్టి 121లో మెటాడేటా రూటు ఒక్కటే రాస్తే వీఎంకి డిఫాల్ట్ రూటు మాయమవుతుంది. 0.0.0.0/0కు గేట్‌వేను కూడా అందులోనే రాయండి.

ఉబుంటులో అయితే లాగ్ ఫైలును కీయాకు కేటాయించిన లాగ్ ఫోల్డర్‌లోనే ఉంచండి. వేరే చోట రాయమంటే ఫైలు పర్మిషన్లు సరిగ్గానే ఉన్నా ఉబుంటు భద్రతా వ్యవస్థ యాప్‌ఆర్మర్ అడ్డుకుంటుంది.

రెండు సర్వర్లను జత చేయడం

హాట్ స్టాండ్‌బై (ప్రైమరీ ఒకటే జవాబిస్తుంది, రెండోది సిద్ధంగా కాచుకుని ఉంటుంది) తీసుకోండి. లోడ్ బ్యాలెన్సింగ్ అంత లోడు మీకు ఉండదు, గొడవ వచ్చినప్పుడు ఏ సర్వర్ లాగ్ చూడాలో తెలియక తిప్పలు. రెండు హుక్ లైబ్రరీలు (కీయాకు తగిలించే అదనపు భాగాలు) లోడ్ చేయాలి, లీజ్ కమాండ్స్ ఒకటి, హెచ్ఏ ఒకటి. రెండు సర్వర్లలో సబ్‌నెట్లు, పూళ్లు, రిజర్వేషన్లు అక్షరం తేడా లేకుండా ఉండాలి. కీయా లీజులను మాత్రమే అవతలికి పంపుతుంది, కాన్ఫిగ్‌ను పంపదు. అందుకని కాన్ఫిగ్‌ను గిట్‌లో పెట్టి ఆన్సిబుల్‌తో రెండింటికీ ఒకేసారి తోయండి. హెచ్ఏ మాట్లాడుకునే పోర్టు, కంట్రోల్ ఏజెంట్ (కీయాకు ఆదేశాలు అందించే ప్రోగ్రామ్) పోర్టు ఒకటే కాకూడదు. ఏజెంట్ 8000లో ఉంటే హెచ్ఏకి 8001 ఇవ్వండి.

ఇక్కడ జారిపడే చోట్లు రెండు. గడియారాలు మొదటిది. రెండు సర్వర్ల మధ్య తేడా 30 సెకన్లు దాటితే కీయా హెచ్చరిస్తుంది, 60 దాటితే హెచ్ఏనే ఆపేస్తుంది. రెండింటిలోనూ టైమును సరిచేసే క్రోనీ నడవాలి, సస్పెండ్ చేసి లేపిన వీఎంను తిరిగి జతలో చేర్చేముందు టైము చూడాలి.

రెండోది మ్యాక్స్ అన్‌ఎక్డ్ క్లయింట్స్. డిఫాల్ట్ 10. అవతలి సర్వర్‌తో మాట తెగిపోయాక, జవాబు అందని క్లయింట్లు ఈ సంఖ్యను మించితేనే స్టాండ్‌బై బాధ్యత తీసుకుంటుంది. పెద్ద నెట్‌వర్కులో ఇది తెలివైన జాగ్రత్తే. ఆరు వీఎంలున్న నెట్‌వర్కులో ఆ సంఖ్య ఎప్పటికీ దాటదు, ప్రైమరీ చచ్చిపోయినా స్టాండ్‌బై చూస్తూ కూర్చుంటుంది. చిన్న సెటప్‌లో 0 పెట్టండి. అప్పుడు మ్యాక్స్ రెస్పాన్స్ డిలే, అంటే డిఫాల్ట్‌గా 60 సెకన్లు గడవగానే పార్ట్‌నర్ డౌన్ స్థితికి వెళ్లి జవాబివ్వడం మొదలుపెడుతుంది. పెట్టిన రోజే ప్రైమరీని నిజంగా ఆపి పరీక్షించండి.

రిలే, బ్రాడ్‌కాస్టు దారి

సర్వర్ ప్రతి నెట్‌వర్కులోనూ కాలు పెట్టనక్కర్లేదు. గేట్‌వే రౌటర్‌లో రిలే పెట్టి, రెండు సర్వర్ల ఐపీలూ అందులో రాయండి. రిలే తను విన్న ఇంటర్‌ఫేసు ఐపీని గేట్‌వే ఫీల్డులో పెట్టి పంపుతుంది, దాన్ని చూసే కీయా సబ్‌నెట్ ఎంచుకుంటుంది. సర్వర్ నుంచి ఆ గేట్‌వే ఐపీకి తిరుగు రూటు ఉందో లేదో తప్పక చూడండి. డిస్కవర్ వచ్చి, ఆఫర్ (ఐపీ ఇస్తానని సర్వర్ పంపే జవాబు) వెళ్లి, వీఎంకి ఏమీ అందకపోతే సగం సార్లు అదే కారణం.

లీఫ్ స్విచ్చులన్నిటిలో (హోస్టులు నేరుగా తగిలే స్విచ్చుల్లో) ఒకే ఎనీకాస్ట్, అంటే అందరూ పంచుకునే, గేట్‌వే ఐపీ ఉంటే ఇంకో చిక్కు: సర్వర్ జవాబు వేరే లీఫ్‌కు వెళ్లిపోవచ్చు. రిలే సోర్సుగా ఆ స్విచ్చుకే సొంతమైన లూప్‌బ్యాక్ ఐపీ పెట్టి, ఆప్షన్ 82లో (రిలే కలిపే అదనపు సమాచారంలో) లింక్ సెలక్షన్ ఆన్ చేయండి. అసలు సబ్‌నెట్ ఏదో కీయా అందులోంచి చదువుకుంటుంది.

గేట్‌వే రౌటర్ ఉన్న హోస్టులోని వీఎంలకు ఐపీ వస్తుంది, మిగతా హోస్టుల్లో వాటికి రాదు అంటే డీహెచ్‌సీపీని వదిలి వీఎక్స్‌ల్యాన్ చూడండి. మల్టీకాస్ట్ లేకుండా చేత్తో కట్టిన వీఎక్స్‌ల్యాన్‌లో, బ్రాడ్‌కాస్టును అవతలి హోస్టులకు పంపాలంటే ఫార్వార్డింగ్ పట్టికలో 00:00:00:00:00:00 మ్యాక్ కింద ప్రతి హోస్టు ఐపీకీ ఒక వరుస ఉండాలి. కొత్త హోస్టు చేర్చినప్పుడు పాత హోస్టుల్లో ఈ వరుస కలపడం మర్చిపోవడం మామూలే.

బ్రిడ్జి ఫార్వర్డ్ డిలేను (కొత్తగా తగిలిన వీఎం ప్యాకెట్లను పంపేముందు బ్రిడ్జి ఆగే సమయాన్ని) 0 చేయండి. 15 సెకన్ల చొప్పున రెండు దశలు దాటేలోపు ఐపీ అడిగే క్లయింటు, ముఖ్యంగా పీఎక్స్‌ఈ (నెట్‌వర్కు నుంచి) బూట్, ఓపిక నశించి వదిలేస్తుంది.

కస్టమర్ల వీఎంల నుంచి సోర్సు పోర్టు 67తో బయటికొచ్చే యూడీపీని ప్రతి ట్యాప్ (వీఎం హోస్టుకు తగిలే వర్చువల్ ఇంటర్‌ఫేసు) దగ్గరే పారేయండి. ఎవరో ఒకరు తమ వీఎంలో ప్రయోగానికి డీఎన్ఎస్‌మాస్క్ లేపుతారు, పక్కవాళ్లందరికీ తప్పు గేట్‌వే పంచిపెడతారు. లిబ్‌వర్ట్‌లో క్లీన్ ట్రాఫిక్ ఫిల్టర్‌తో మ్యాక్, ఐపీ మోసాలు ఆగుతాయి. ఈ 67 రూలును మాత్రం విడిగా కలపాలి.

టెంప్లేటు ఇమేజ్

ఒక వీఎంను క్లోన్ చేసి పది చేశారు, రెండింటికి ఒకే ఐపీ వచ్చింది. మ్యాక్‌లు చూస్తే వేరువేరుగానే ఉన్నాయి. సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ తనను తాను మ్యాక్‌తో కాకుండా మెషీన్ ఐడీ నుంచి తయారైన క్లయింట్ ఐడీతో పరిచయం చేసుకుంటుంది. క్లోన్లన్నిటికీ మెషీన్ ఐడీ ఒకటే అయినప్పుడు సర్వర్ వాటిని ఒకే మనిషి అనుకుంటుంది. టెంప్లేటు మూసేముందు మెషీన్ ఐడీ ఫైలును ఖాళీ చేయండి, లేదా నెట్‌ప్లాన్‌లో డీహెచ్‌సీపీ ఐడెంటిఫయర్‌కు మ్యాక్ అని రాయండి. ఇమేజ్‌లు మీ చేతిలో లేకపోతే కీయాలోనే మ్యాచ్ క్లయింట్ ఐడీని ఫాల్స్ చేయండి. పీఎక్స్‌ఈ ఒక ఐడీతో, ఓఎస్ ఇంకో ఐడీతో అడిగి ఒకే మెషీన్ రెండు లీజులు తినేయడం కూడా దీంతో ఆగుతుంది.

ప్యాకెట్ ఎక్కడ ఆగింది

ఐపీ రాలేదంటే కాన్ఫిగ్ ఫైలు తెరవకండి. ప్యాకెట్లను చూపే టీసీపీడంప్‌ను 67, 68 (క్లయింటు వినేది) పోర్టుల మీద పెట్టి వరుసగా నాలుగు చోట్ల చూడండి: వీఎం ట్యాప్, హోస్టు బ్రిడ్జి, రౌటర్ ఇంటర్‌ఫేసు, సర్వర్ ఇంటర్‌ఫేసు. డిస్కవర్ ఎక్కడిదాకా కనిపించిందో తప్పు ఆ తర్వాతి అడుగులో ఉంటుంది. సర్వర్ దాకా వచ్చి కూడా ఆఫర్ వెళ్లకపోతే అప్పుడు కీయా లాగ్‌ను డీబగ్‌కు పెంచండి. సబ్‌నెట్ సెలక్షన్ ఫెయిలయిందని ఉంటే రిలే పంపిన గేట్‌వే ఐపీ మీ సబ్‌నెట్లలో దేనికీ సరిపోలేదు. అలొకేషన్ ఫెయిల్ అని ఉంటే పూల్ నిండింది, లీజు కాలం తగ్గించండి.

ఆఫర్ ట్యాప్ దాకా వచ్చినా వీఎం పట్టించుకోవడం లేదా? డీఎన్ఎస్‌మాస్క్ కానీ రిలే కానీ అదే హోస్టులో ఉంటే యూడీపీ చెక్‌సమ్ (ప్యాకెట్ చెడలేదని తేల్చే సంఖ్య) చూడండి. ప్యాకెట్ తీగ ఎక్కదు కాబట్టి వీఎం వర్చువల్ నెట్‌వర్క్ కార్డు వర్ట్‌ఐవో చెక్‌సమ్ లెక్కించకుండానే వదిలేస్తుంది, వీఎంలోని పాత డీహెచ్‌సీపీ క్లయింటు డీహెచ్‌క్లయింట్ అది చూసి బ్యాడ్ యూడీపీ చెక్‌సమ్ అని పారేస్తుంది. పంపే వైపు ఈథ్‌టూల్‌తో ట్రాన్స్‌మిట్ చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ ఆపేయండి, లేదా ఐపీటేబుల్స్ మ్యాంగిల్ పట్టికలో 68వ పోర్టుకు పోయే యూడీపీకి చెక్‌సమ్ ఫిల్ రూలు పెట్టండి.

పాత సర్వర్ నుంచి మారేటప్పుడు

కీయా మైగ్రేషన్ అసిస్టెంట్ పాత డీహెచ్‌సీపీడీ కాన్ఫిగ్‌ను మార్చిపెడుతుంది, ఫలితాన్ని వరుసవరుసా చదవాలి. లీజులను అది తేదు. కాబట్టి మార్చే రోజుకు ఒక పూర్తి రోజు ముందే పాత సర్వర్‌లో లీజును 24 గంటల నుంచి 30 నిమిషాలకు తగ్గించండి. అప్పటికే 24 గంటల లీజు తీసుకున్న వీఎం 12 గంటలకు గానీ రెన్యూ అడగదు, అందుకే ఆ ముందుచూపు. పాత లీజు ఫైల్లో టైములు యూటీసీలో ఉంటాయి, మన గడియారంతో పోల్చేటప్పుడు ఐదున్నర గంటలు కలపండి. లేకపోతే బతికున్న లీజులన్నీ తీరిపోయినట్టు కనిపిస్తాయి. పాత సర్వర్ పంచిన అడ్రసులు కొత్త పూల్‌లో మళ్లీ వేరేవాళ్లకు వెళ్లకుండా, మొదటి రోజుకు పూల్‌ను ఖాళీగా ఉన్న భాగానికే కుదించండి. వీఎంలన్నీ ఇటు మారాక పూర్తి పూల్ తెరవొచ్చు.

పాత సర్వీసును స్టాప్ చేస్తే సరిపోదు, డిసేబుల్ కూడా చేయండి. ఆ మెషీన్ ఎప్పుడో ఒకసారి రీబూట్ అవుతుంది, పాత సర్వర్ మళ్లీ లేచి తన పాత పూల్‌లోంచి ఆఫర్లు పంపడం మొదలుపెడుతుంది.